తీతువు కూతా, గుమ్మడికాయా

రాత్రిపూట తీతువు కూసిందంటే మా నాయనమ్మ "ఎవరికో మూడింది" అనేది. ఆ భయం నన్ను బి.కాం. చదివే రోజుల దాకా వదల్లేదు. తరవాత రక్షణ శాఖ పద్దుల ఉద్యోగంలో ఒక వైమానిక స్థావరానికి ఆడిట్‌కి వెళితే, రన్‌వే పక్కన గడ్డిలో ఎక్కడ చూసినా తీతువులే! అది నేలమీదే గుడ్లు పెట్టే పిట్ట. కుక్కో మనిషో దగ్గరికొస్తే అరుస్తుంది. ఆ కబురు తోటి పిట్టలకే గాని మన ఇంటికి కాదు.

పక్షి కూతను పక్షుల మీదే ప్రయోగించిన వాళ్ళలో ముందువరసలో ఉన్నవారు అమెరికాలోని పెన్సిల్వేనియాకు చెందిన ఫ్రింగ్స్, జంబర్. చేతికి చిక్కిన స్టార్లింగ్ పిట్ట పెట్టే కేకను టేపు చేసి, అవి గుంపుగా రాత్రి తలదాచుకునే చెట్ల దగ్గర వినిపిస్తే గుంపులు లేచిపోయాయని 1954లో ప్రకటించారు. 1960 అక్టోబరు 4న బోస్టన్‌లో పైకి లేస్తున్న ఎలక్ట్రా విమానం ఆ పిట్టల గుంపునే ఢీకొని కూలింది. 72 మందిలో 62 మంది పోయారు.

టేపు వెయ్యగానే పక్షులు పారిపోతాయనుకుంటే పొరపాటు. కరెంటు తీగ మీద ఒక కాకి చస్తే ఏం జరుగుతుంది? ఊళ్ళో కాకులన్నీ వచ్చి చుట్టూ తిరిగి గోల చేసి, ఆ తరవాతే పోతాయి. ఇక్కడా అంతే. చాలా పక్షులు ముందు శబ్దం దగ్గరికే వస్తాయి. అందుకే విమానం రావడానికి బాగా ముందే వెయ్యాలి. ఏ జాతి పక్షికి ఆ జాతి కేకే వినిపించాలి. రోజంతా మోగిస్తే ఊరకే అరుస్తోందని కనిపెట్టేస్తాయి. (మనుషులకు వినపడని శబ్దంతో తోలతామనే పెట్టెలూ అమ్ముతారు. చాలా పక్షులకు 10,000 హెర్ట్జ్ దాటితే దాదాపు వినపడదు. ఎవరికీ వినపడని మోతకు బిల్లన్నమాట!)

ఇక నా సంగతి. అక్కడ సెప్టెంబరులో టేపు పెట్టారు. జనవరిలో "పక్షులు ఢీకొనడం బాగా తగ్గింది" అని కాగితం వచ్చింది. "ఖర్చు సార్థకం" అని రాసి సంతకం పెట్టాను. ఏడాది తిరిగాక వేరే పనిమీద అదే ఫైలు తెరిస్తే, టేపు లేని ముందటేడు కూడా వానలు వెనకబట్టాక ఇంచుమించు అంతే తగ్గినట్టు అడుగున కాగితం ఉంది. వానల్లో పురుగులెక్కువ, పక్షులెక్కువ. నేను ఆ కాగితం దాకా తిరగెయ్యలేదు. అదే షెడ్డు గుమ్మానికి ఆయుధపూజనాడు బూడిదగుమ్మడికాయ కూడా కట్టారు. నా లెక్క ప్రకారం దానికీ సగం పేరు రావాలి. గుమ్మడికాయను చూసి నవ్వినవాణ్ణి నేనే.

టేపు దండగ అనడం లేదు. అప్పటికప్పుడు గుంపును లేపడానికి అది పనికొస్తుంది. కాని గోడ అవతల మాంసం వ్యర్థాలు పోస్తుంటే గద్దలు ఏ కేకకు ఆగుతాయి? విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపల జంతువులను కోయడం, చెత్త పోయడం కూడదని 1937 నాటి విమాన నియమాల్లో 91వది చెప్పింది. 2019 జూన్ 27న అంబాలాలో పక్షి తగిలిన జాగ్వార్ పైలట్ ఇంధన ట్యాంకులు, శిక్షణ బాంబులు వదిలేసి క్షేమంగా దిగాడు. అలాంటి కుర్రాళ్ళ ప్రాణాలు ఆ జనవరి కాగితం వెనక ఉన్నాయి. దాని మీద నేను రాయవలసిన ఆక్షేపణ ఒక్క వాక్యం: "గత సంవత్సరపు ఇవే నెలల లెక్క జతపరచవలెను."