తొండి లేని ఆట



మన పల్లెల్లో పిల్లలు గోళీలాడినా, బిళ్ళంగోడు ఆడినా అక్కడ అంపైరు ఉండడు. తగువు వస్తే "తొండి, తొండి" అని అరుచుకుంటారు, కాసేపటికి వాళ్ళే సర్దుకుంటారు. ఎవడు పదే పదే తొండి చేస్తాడో వాడిని మర్నాడు ఆటకు పిలవరు. ఆ ఆటలకు అదే చట్టము, అదే శిక్ష. ఇంచుమించు ఇదే పద్ధతి మీద ఒక ఆట అనేక దేశాలలో నడుస్తున్నదనీ, దానికొక అంతర్జాతీయ సమాఖ్య ఉన్నదనీ, ఆ సమాఖ్య ప్రపంచ పోటీలు కూడా జరుపుతున్నదనీ చెబితే మీకు వింతగా ఉండవచ్చును. ఆ ఆట పేరు క్రోకే.

మేము కృష్ణా డెల్టా వాళ్ళము. ఉద్యోగరీత్యా ఇంగ్లండు దక్షిణ ప్రాంతానికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటినది. పదవీ విరమణ అయ్యాక ఇంటికి దగ్గరలో ఉన్న క్రోకే క్లబ్బుకు ఇద్దరమూ వెళ్ళనారంభించాము. ఆడినది తక్కువ, పని చేసినది ఎక్కువ. టీ కాచడము, ఫలితాల బోర్డు వ్రాయడము, వచ్చినవారికి బస చూడడము మా వంతు. ఒక ఏడు ప్రపంచ పోటీలలోని మొదటి దశ ఆటలకు మా క్లబ్బు పచ్చికను కూడా తీసుకున్నారు. అప్పుడు చూచిన సంగతులు కొన్ని మీతో పంచుకోవాలని ఇది వ్రాస్తున్నాము.

ముందు ఆట సంగతి. 35 గజాల పొడవు, 28 గజాల వెడల్పు గల పచ్చిక. దానిమీద ఆరు ఇనుప కమానులు, నడుమ ఒక గుంజ. నీలము, నలుపు ఒకరివి. ఎరుపు, పసుపు మరొకరివి. ఒక్కొక్క బంతి బరువు ఒక పౌను. పొడవాటి పిడి గల కొయ్య సుత్తితో బంతిని కొట్టి, వరుస తప్పకుండా కమానుల గుండా దాటించాలి. వినడానికి సులువుగానే ఉన్నది గాని, బంతికీ కమానుకూ మధ్య ఉండే ఖాళీ పెద్ద పోటీలలో అంగుళములో ముప్పై రెండవ వంతు మాత్రమే. పోటీకి ముందురోజు ప్రతి కమానునూ కొలబద్దతో సరిచూచి, మట్టి కూరి బిగిస్తారు. ఎండకు నేల బీటలిచ్చినా, వానకు మెత్తబడినా మళ్ళీ బిగించాలి. మోకాళ్ళ మీద కూర్చుండి చేసే ఆ పనికి కూలి లేదు.

ఈ ఆట 1900 సంవత్సరములో పారిస్ ఒలింపిక్సులో ఉన్నది. పురుషులతో పాటు స్త్రీలు కూడా అక్కడ ఆడారు. అయితే టికెట్టు కొని చూచినవాడు ఒక్కడేనని చెప్పుకుంటారు! 1925లో ఆస్ట్రేలియాకు చెందిన మెక్‌రాబర్ట్‌సన్ అనే మిఠాయిల వ్యాపారి పేరు మీద దేశాల జట్ల మధ్య ఒక షీల్డు పోటీ ఆరంభమైనది, అది నేటికీ జరుగుచున్నది. దేశాలన్నిటికీ కలిపి ప్రపంచ క్రోకే సమాఖ్య అనే సంస్థ మాత్రము 1980ల రెండవ భాగములో గాని ఏర్పడలేదు. మొదటి ప్రపంచ పోటీ 1989లో లండనులోని హర్లింగ్‌హామ్ క్లబ్బులో జరుగగా న్యూజీలాండుకు చెందిన జో హోగన్ గెలిచాడు. త్వరగా ముగిసే గోల్ఫ్ క్రోకే అనే మరొక తరహా ఆటకు 1996లో ఇటలీ దేశపు మిలాన్ నగరములో ప్రపంచ పోటీ మొదలైనది. అందులో మొదటి ఏళ్ళలో ఈజిప్టు వారిదే పైచేయి. 2013లో దక్షిణాఫ్రికాకు చెందిన రెజ్ బామ్‌ఫర్డ్ ఈ రెండు బిరుదులూ ఒకే ఏట గెలిచాడు. 2016లో అమెరికాలోని ఫ్లోరిడాలో గెలిచిన ఇంగ్లండు ఆటగాడు స్టీఫెన్ ముల్లినర్‌కు అప్పటికి వయస్సు అరవై దాటినది. కండబలము ఒక్కటే చాలని ఆట ఇది.

ఇటువంటి సమాఖ్యను నడపడము ఎట్లా అని మీరు అడుగవచ్చు. క్రికెట్టు వలె టీవీ వారి కోట్లు రావు. సభ్య దేశాల చందాలే ముఖ్య ఆధారము. పనిచేసేవారిలో చాలామంది ఇంటిపని ముగించుకొని రాత్రిపూట ఉత్తరాలు వ్రాసే స్వచ్ఛంద సేవకులు. ఆటగాళ్ళలో ఎక్కువమంది తమ ప్రయాణపు ఖర్చు తామే పెట్టుకుంటారు. మా ఇంట ఈజిప్టు నుండి వచ్చిన ఒక యువకుడు పది రోజులు ఉన్నాడు. హోటలు ఖర్చు తప్పినందుకు అతడు, కందిపప్పు మెచ్చుకున్నందుకు మేము సంతోషించాము.

అయితే అన్నిటికన్న కష్టమైన పని డబ్బు కూర్చడము కాదు, చోట్లు పంచడమే. రావాలనుకొనేవారు వందలు, చోట్లు కొన్ని పదులు. ఏ దేశానికి ఎన్ని, ఆట లెక్కల ప్రకారము ఎవరికి, చిన్న దేశాలకు ఎన్ని అనేది ముందే వ్రాసి ప్రకటించాలి. ఎవరైనా రాలేకపోతే వారి బదులు ఎవరిని పిలవాలో ఆ వరుస కూడా ముందే వ్రాసి ఉంచాలి.

మా ఊరి పోటీకి రెండు వారాల ముందు, దూరదేశపు ఆటగాడొకరికి వీసా సమయానికి అందలేదు. ఒక చోటు ఖాళీ అయినది. మా క్లబ్బులో ఒక పెద్దాయన ఉన్నారు. ఎండనక వాననక పచ్చిక కత్తిరించినది ఆయనే. తన ఇంటిలో ముగ్గురు అతిథులకు పడకలు సిద్ధము చేసినదీ ఆయనే. మంచి ఆటగాడు. వేచియున్నవారి వరుసలో ఆయన పేరున్నది గాని అది మూడవది. క్లబ్బు వారు కొందరు పోటీల నిర్వాహకుని యొద్దకు వెళ్ళి, "ముందున్న ఇద్దరూ సముద్రాల అవతల ఉన్నారు. ఇంత తక్కువ వ్యవధిలో ఎట్లా వస్తారు? ఈయన ఇక్కడే ఉన్నారు గదా, ఆయనకే ఇవ్వండి" అన్నారు. మేము ఆ గదిలోనే టీ అందిస్తున్నాము. మా మనస్సు కూడా పెద్దాయన వైపే ఉన్నది.

నిర్వాహకుడు కోపపడలేదు. "వస్తారో రారో వారే చెప్పాలి. వారి తరపున మనము చెప్పకూడదు" అని ఆ సాయంత్రమే ఇద్దరికీ వరుసగా వ్రాసి, జవాబుకు గడువు పెట్టాడు. మొదటి వ్యక్తి రాలేనన్నాడు. రెండవ వ్యక్తి అప్పుచేసి టికెట్టు కొని వస్తున్నానన్నాడు. మా వారిలో ఒక కుటుంబము అలిగి, ఆ పోటీలన్ని రోజులూ క్లబ్బు గడప తొక్కలేదు. విమానాశ్రయానికి కారు వేసుకొని వెళ్ళి ఆ వచ్చినవానిని తీసుకొచ్చినది ఎవరనుకున్నారు? ఆ పెద్దాయనే.

వచ్చినవాడు ఒకే ఒక్క ఆట గెలిచాడు. "ఇంతమాత్రానికేనా?" అని ఎవరో నసిగారు. పెద్దాయన సుత్తి తుడుచుకుంటూ, "ఈసారి నాకోసము వరుస మారిస్తే, వచ్చేసారి ఇంకెవరికోసమో మారుస్తారు. అప్పుడు నా పేరు మొదట ఉన్నా నాకేమి నమ్మకము?" అన్నారు. ఆ తరువాత ఎవరూ మాట్లాడలేదు.

పచ్చిక మీద కూడా ఇదే న్యాయము. ఈ ఆటలో ఒకరు ఆడుతుంటే రెండవవారు అవతల కుర్చీలో కూర్చుంటారు. ఒక్కొక్కసారి గంటసేపు కూడా అట్లా కూర్చోవలసి వస్తుంది. సామాన్యముగా ప్రతి పచ్చిక మీదా రెఫరీ నిలబడి ఉండడు. ఆడేవారే రెఫరీలు, అనుమానముంటే కొట్టకముందే రెఫరీని పిలవాలి. సుత్తి బంతికి రెండుమారులు తగిలితే అది తప్పు. ఆ తగిలిన చప్పుడు చాలాసార్లు కొట్టినవారి చేతికే తెలుస్తుంది. ఒకనాడు సాయంకాలము, గెలుపు ముంగిట ఉన్న ఒక అమ్మాయి కమాను దగ్గర వంగి కొట్టింది. బంతి దాటింది. చూస్తున్నవారు చప్పట్లకు చేతులెత్తారు. ఆమె మాత్రము నిటారుగా నిలబడి, "తప్పు జరిగింది, నా వంతు ముగిసింది" అని చెప్పి వెళ్ళి కుర్చీలో కూర్చుంది. ప్రత్యర్థి లేచి ఆడి ఆ ఆట గెలిచాడు. ఫలితము బోర్డు మీద వ్రాసినది మేమే. ఓడిన అంకె ఒక్కటే అక్కడ కనబడుతుంది, ఎట్లా ఓడినదీ వ్రాయడానికి బోర్డులో గడి లేదు.

మన ఊళ్ళలో కూడా పాలకేంద్రము, బడి కమిటీ, పొదుపు సంఘము, సంఘ పెద్దల కూటము ఇట్లాంటి చిన్న సంస్థలే. వాటికి పోలీసులు లేరు, ఆస్తులు లేవు. ఎరువుల బస్తాలు పంచినా, అప్పుల వరుస వ్రాసినా "మనవాడే గదా, పాపము, ముందు ఇతనికిద్దాము" అనే మాట అక్కడ మొదట పుడుతుంది. ఆ మాటలో ప్రేమ ఉన్నమాట నిజమే. మా పెద్దాయన విషయములోనూ ఉన్నది. కాని వరుసలో ముందున్నవాడు ఆ గదిలో లేడు, అతని తరపున మాట్లాడేవారూ లేరు. వ్రాసిన కాగితము ఒక్కటే అతని పక్షమున నిలబడుతుంది. మీ ఊరి కమిటీ వారు ఈసారి కూర్చున్నప్పుడు ఆ కాగితమును ముందుగానే వ్రాసి, అందరికీ కనబడేటట్లు గోడకు అంటించి చూడండి. దాని ప్రకారము మొదట నష్టపోయేవారు మన ఇంటివారే అయినా దానిని చింపకుండా ఉంచండి.