బస్సెక్కిన గిటారు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు రైలు లేదు. 2016లో పూర్తయిన ఎర్రగుంట్ల లైను బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగా పోతుంది. అందుకని మిత్రుడి చెల్లెలి పెళ్లిలో వాయించడానికి మే నెల ఎండలో బస్సే గతి. నలభై కిలోమీటర్లు.

గిటారు కొన్నప్పుడిచ్చే పలుచని సంచి దుమ్మునాపుతుంది, అంతే. ప్లైవుడ్ పెట్టె దృఢమే గానీ గిటారుతో కలిపి ఆరేడు కిలోలు తూగుతుంది, సీట్ల పైనున్న అరలో పట్టదు. కండక్టరు డిక్కీలో వేయమంటాడు, లేదా ఇంజను పక్కన పెట్టమంటాడు. రెండూ వేడి చోట్లే. గిటారు బ్రిడ్జిని పట్టి ఉంచేది జిగురు. అది మెత్తబడితే తీగల లాగుడుకు బ్రిడ్జి లేచొస్తుంది. విమానంలోనో పార్శిల్ లారీలోనో పంపాల్సొస్తే పెట్టె తప్పదు. మన చేతిలోనే ఉండే ప్రయాణానికి మాత్రం మందపాటి స్పాంజి బ్యాగే నయం. తీగలు కాస్త వదులు చేసి, దాన్నే భుజాన వేసుకున్నాను.

పొద్దుటి బస్సు. ఎండ ఎడమవైపు, నల్లమల మీదుగా కొడుతోంది. కుడివైపు కూర్చుని గిటారును మోకాళ్ల మధ్య నిలబెట్టుకున్నాను.

"వీణెనా నాయనా?" అంది పక్కనున్న పెద్దామె.

"గిటారమ్మా."

"ఓ, చర్చిలో పిల్లోళ్లు వాయిస్తారే, అదా!"

నంద్యాలలో గిటారుకు ఇంతకన్నా మంచి పరిచయం లేదు. శిరివెళ్ల దాటేదాకా ఆమె ఓ చేత్తో బ్యాగు పట్టుకునే ఉంది.

ఆళ్లగడ్డలో పెళ్లింటికి పోయే దారిలో ఓ శిల్పుల షెడ్డు దగ్గర ఆగాను. నల్లరాతి అమ్మవారిని చెక్కపెట్టెలో సర్దుతున్నారు, చుట్టూ వరిగడ్డి కూరుతూ. పెద్దాయన నా బ్యాగు చూసి జిప్పు తీయమన్నాడు. మెడకింద ఉన్న స్పాంజి దిమ్మెను వేలితో నొక్కి చూశాడు.

"తలకింద పెట్టలేదు, మంచిపని. మేమూ చేతికిందే గడ్డి పెడతాం, వేళ్లకు తగలనియ్యం. లోపల కదిలిందంటే పెట్టె ఎంత గట్టిదైనా వేళ్లే ముందు పోతాయి సామీ."

గిటారు పట్టుకున్నవాడు కాదాయన. అయినా విషయం పట్టేశాడు. గిటారు తల వెనక్కి వాలి ఉంటుంది. వెల్లకిలా పడితే ఆ తలే ముందు నేలకు తగిలి, మెడతో కలిసే సన్నటి చోట విరుగుతుంది. మెడకు ఆనిక ఉండి, తల దేనికీ తగలకుండా ఉండాలి. బ్యాగు కొనేటప్పుడు గుడ్డ, రంగు, జేబులు తర్వాత చూసుకోవచ్చు. చెయ్యి లోపల పెట్టి ఈ దిమ్మె ఉందో లేదో చూడాలి. చాలా ఖరీదైన బ్యాగుల్లోనూ ఉండదు.

విడిదింట్లో పెళ్లికూతురి మేనమామ నా చేతిలోంచి గిటారు అందుకుని, బ్యాగు తీసేసి, సరిగ్గా నీళ్ల కూలరు ముందు నిలబెట్టాడు. "పాపం, దానికీ ఉక్కబోస్తాది గదా!" అన్నాడు. అంతసేపు పొడి వేడిలో ఎండిన చెక్క ఆ తడిగాలికి ఉబ్బుతుందని చెబితే నొచ్చుకుంటాడు. ఆయన కాఫీలు చూడ్డానికి వెళ్లేదాకా ఆగి, మళ్లీ బ్యాగులో పెట్టి బీరువా పక్కకు జరిపాను.