పాత బండి – దూరపు బాట

గుంటూరులో ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్దమనిషి ఇంట 1970వ సంవత్సరపు అంబాసిడరు కారు కలదు. అది ఆయన తండ్రిగారు కొనినది. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారును అనుసరించి, కలకత్తా సమీపమునగల ఉత్తరపారలో 2014 వరకు ఇట్టి కార్లను చేసిరి. పదునైదేండ్లు దాటిన బండికి అయిదేండ్ల కొకమారు రిజిస్ట్రేషను పొడిగింపవలయును. ఆయన ఆ పని తప్పక చేయించుచుండెను. అయినను బండి మాత్రము ఊరి పొలిమేర దాటుట లేదు.

దానికొక కారణము కలదు. పదునొకండేండ్ల క్రిందట మాచర్లలో పెండ్లికి పోయి తిరిగి వచ్చుచుండగా, పిడుగురాళ్ల దాటిన పిమ్మట, నడిరేయి బండి నిలిచిపోయెను. వెనుక సీటులో భార్య. ఆమె ఒడిలో ఆరు నెలల మనుమరాలు. బిడ్డ పాలకై ఏడ్చుచుండెను. ఆయన బానెట్టు ఎత్తి లోపలికి చూచెను. ఏది యేమో తెలియలేదు. రెండు గంటలకు ఒక లారీ డ్రైవరు ఆగెను. అతడు డిస్ట్రిబ్యూటరు మూత తీసి, అందలి పాయింట్లను అగ్గిపెట్టె గరుకు ప్రక్కతో నాలుగుమార్లు రుద్ది, మరల మూత పెట్టెను. బండి వెంటనే కదలెను. డ్రైవరు డబ్బు పుచ్చుకొనలేదు. “ఈ మాత్రము తెలియకుండ పసిబిడ్డతో రాత్రివేళ బయలుదేరితిరా, బాబూ?” అని మాత్రము అని పోయెను. ఆ మాట ములుకువలె నాటెను. నాటినుండి ఆయన “బండి పాతబడినది” అని అందరితో చెప్పుచుండెను. తనకు తెలియలేదని చెప్పుటకంటె అది తేలిక కదా!

గడచిన యేడు కుమారుడు, “దీనిని అమ్మివేయుదము, నాన్నగారూ” అనెను. బేరగాడు వచ్చి చూచి పోయెను. ఆ సాయంకాలము భార్య మెల్లగా, “మామగారు నన్ను కాపురమునకు తెచ్చినది ఈ బండిలోనే. ఒక్కమారు దీనిలో శ్రీశైలము పోయి వత్తమండీ. పిమ్మట మీ యిష్టము” అనెను.

శ్రీశైలము! రమారమి 220 కిలోమీటర్లు. అందు దోర్నాల దాటిన పిదప సుమారు 50 కిలోమీటర్లు నల్లమల అడవిలో కొండబాట. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు.

మరునాడు ఆయన ఒక వృద్ధ మేస్త్రీ కొట్టునకు పోయి, “బండిని బాగుచేయుట కాదు, మేస్త్రీ! నాకు నేర్పవలయును” అనెను. మేస్త్రీ నవ్వి పీట వేసెను. నెల దినములు ఆ పీటయే ఆయనకు బడి. పాయింట్ల నడుమ ఎడము అర మిల్లీమీటరునకు తక్కువ. వానికి మసి పట్టినచో ప్లగ్గులకు నిప్పురవ్వ అందదు. ఫ్యాను బెల్టు బిగువు తగ్గినచో ఇంజను కాగిపోవును. కాగిన రేడియేటరు మూత తీసినవాని ముఖము కాలును. ఇవి యన్నియు ఆయన ఒక పుస్తకమున వ్రాసికొనెను. మేస్త్రీ ఒక్కొక్కసారి కావలెనని ఏదో తీగ ఊడదీసి, “ఇక కదలించుడు, అయ్యగారూ” అనుచుండెను. మొదటిసారి దోషము కనుగొనుటకు గంట పట్టెను. పదియవసారికి అయిదు నిమిషములు చాలెను.

పిమ్మట ఆయన ఒంటరిగా అమరావతికి పోయెను. దారి పొడవునను ప్రతి చప్పుడును ఆపదగనే తోచెను. వెనుకనుండి ఏదో టకటకలాడుచుండెను. కృష్ణ యొడ్డున బండి నాపి వెదకగా, సీటు క్రింద నీళ్ల సీసా దొరలుచుండెను! తరువాత కోటప్పకొండ. ఎక్కుట బాగుగనే జరిగెను. దిగునపుడు బ్రేకులు వేడెక్కి మాడిన వాసన వచ్చెను. “ఏ గేరులో ఎక్కితిరో ఆ గేరులోనే దిగవలెను, అయ్యగారూ, ఇంజనే బండిని పట్టి యుంచును” అని మేస్త్రీ చెప్పెను. అదియు పుస్తకమున కెక్కెను.

కార్తికము వెళ్లిన పిదప దంపతులు తెల్లవారుజామున బయలుదేరిరి. రాత్రివేళ ఆ అడవిబాటను వాహనములను పోనీయరు. శ్రీశైలమునకు తూర్పు వాకిలియని పేరుగన్న త్రిపురాంతకము దాటువరకు ఆమె కన్ను మూయలేదు. సీటు అంచును పట్టుకొనియే కూర్చుండెను. దోర్నాల దాటి కొండ ఎక్కుచుండగా, మిట్టమధ్యాహ్నము, బండి రెండుమార్లు దగ్గి నిలిచిపోయెను.

ఇరుప్రక్కల అడవి. ఆయన చేతులు వణకెను. అయినను బానెట్టు ఎత్తి, పుస్తకములోని వరుసనే చూచెను. పాయింట్లు శుభ్రముగ నున్నవి. నిప్పురవ్వ వచ్చుచున్నది. రాని దేమి? పెట్రోలు!

“ఏమైనదండీ?” అని భార్య అడిగెను.

“వేడికి గొట్టములో పెట్రోలు ఆవిరియై అడ్డుపడినది. గొట్టము చల్లారవలెను. పావుగంట” అని ఆయన చెప్పెను. ఆ ప్రశ్నకు ఆయన బదులు చెప్పగలుగుట అదియే మొదలు. ఆమె మారు పలుకక తువాలు తడిపి యిచ్చెను. ఆయన దానిని గొట్టమునకు చుట్టెను. కోతులు రాగా ఆమె అరటిపండ్లను కొంగున దాచెను. పావుగంట కాదు, అరగంట పట్టెను. అటుపిమ్మట బండి కదలెను.

స్వామి దర్శనమైనది. మరునాటి తిరుగు ప్రయాణమున చెప్పదగిన దేమియు జరుగలేదు. త్రిపురాంతకము వద్ద టీ త్రాగిరి. అక్కడినుండి వినుకొండ వరకు ఆమె తల కిటికీకి ఆనించి నిద్రపోయెను. గతుకులు వచ్చినప్పుడును మేలుకొనలేదు.