షాకబ్జరు పైన రబ్బరు

నా దగ్గర 1998 నాటి మారుతి 800 వొకటి వుంది. 1983 డిసెంబరులో మొదటి బండి అమ్మి, 2014 జనవరిలో తయారీ మానేసిన కారు అది. వుపాధ్యాయుడి ఆశకీ జీతానికీ నడుమ సరిపోయిన కొలత. కిందటి వానాకాలం నుంచీ ప్రతి గతుకులోనూ ముందు యెడమపక్క టక్కుమనేది. నిలబెట్టి స్టీరింగు తిప్పితే స్ప్రింగు బిగదీసుకొని, వొక్కసారిగా ఖంగుమని వదిలేది.

విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్కు బానెట్టు యెత్తి, షాకబ్జరు పైకొసన చేయి పెట్టి, నన్ను స్టీరింగు తిప్పమన్నాడు. "స్ట్రట్ మౌంట్లు పోయాయి మాస్టారూ, రెండూ మార్చాలి" అన్నాడు.

యీ మౌంటు సంగతి కాస్త చెప్పాలి. మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ యింజనీరు 1940ల చివర రూపొందించిన పద్ధతిలో స్ప్రింగూ షాకబ్జరూ కలిసి వొకే స్తంభం. ఆ స్తంభం తలను కారు వొంటికి కలిపేది యినుముకు అతికించిన రబ్బరు ముక్క, దానితో వొక బేరింగు. చక్రం తిన్న దెబ్బ వొంటికి చేరేది దాని మీదుగానే. స్టీరింగు తిప్పితే స్తంభమంతా తిరిగేది ఆ బేరింగు మీదనే. యేళ్ళ తరబడి వేడికీ, గాలిలోని ఓజోనుకీ రబ్బరు గట్టిపడి నెర్రెలిస్తుంది.

మౌంట్ల ధర పెట్టె మీద అచ్చువేసి వుంది. మారుమాట లేకుండా యిచ్చాను. కూలి పన్నెండు వందలన్నాడు. యెనిమిది వందలన్నాను. మిత్రులు క్షమించాలి, ఆ సాయంత్రమే శ్రమ విలువ మీద విద్యార్థులకు వుపన్యాసం యివ్వవలసిన మనిషిని నేను!

"యెనిమిదికీ చేయొచ్చండీ, తీగ చుట్టి విప్పేస్తాం. కంప్రెసరు తెచ్చి పెడితే గంట యెక్కువ పడుతుంది" అన్నాడు మామూలుగా.

తీగ చుట్టడమంటే యేమిటో అప్పటికి నాకు తెలియదు. స్తంభంలో స్ప్రింగు అణిగి వుంటుంది. దాన్ని ఆపేది పైనున్న నడిమి నట్టు వొక్కటే. కొక్కేలున్న రెండు పొడుగు మరలతో స్ప్రింగును నొక్కిపట్టి, ఆ తర్వాతే నట్టు విప్పాలి. మరలకు బదులు తీగ చుడితే, అంత వొత్తిడినీ తీగే మోయాలి. తెగితే? అక్కడున్న కుర్రవాణ్ణి అడిగాను. వాడు జవాబు చెప్పకుండా చేయి చూపించాడు. చూపుడువేలు మొదటి కణుపు దగ్గరే ఆగిపోయింది. "యిక్కడ కాదు సార్, వేరే షెడ్డులో" అన్నాడు, యజమానికి మాట రాకూడదని కాబోలు.

పన్నెండు వందలకు వొప్పుకున్నాను. అందులో నా గొప్పేమీ లేదు. ఆ వేలు కంటపడకపోతే యెనిమిది వందలకే పని జరిగిపోయేది, నేను రోడ్డవతల టీ తాగుతూ వుండేవాణ్ణి.

మూడు షెడ్లకూ కలిపి కంప్రెసరు వొక్కటే. పక్కవాడి పని అయ్యేదాకా కూర్చున్నాం. తరువాత చక్రం తీసి, అడుగు బోల్టులూ బానెట్టు కింది నట్లూ విప్పి, స్తంభాన్ని బల్ల మీద పెట్టారు. పాత మౌంటులో రబ్బరు యినుము నుంచి వూడిపోయి, వేలితో నొక్కితే పొడిపొడిగా రాలింది. రెండోపక్కది కూడా అంతే. కొత్తవి యెక్కించి, బండి బరువు నేల మీదికి దిగాక నడిమి నట్లు మరొక్కసారి బిగించారు. చక్రాల ఎలైన్‌మెంటు చూపించుకోమని మెకానిక్కు చెబుతున్నాడు. నేనింకా డబ్బు లెక్కపెడుతూండగానే కుర్రవాడు ఆ రెండు మరలనూ భుజాన వేసుకొని మూడో షెడ్డుకు బయల్దేరాడు.