కోడ్ లేదు, తేడా ఉంది

సర్వీసు నుంచి వచ్చాక కారు మారిపోయిందని మొదట కనిపెట్టింది నాన్న. ఆయన ముప్ఫయ్యేళ్లు ఆర్టీసీలో బస్సు నడిపారు. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఎడమకాలికి క్లచ్ బాధ తప్పించాలని ఆటోమేటిక్ కారు కొన్నాం. నాలుగేళ్లుగా దాన్ని ఎక్కువగా నడిపేది ఆయనే. “రెండు నుంచి మూడుకి వెళ్లేటప్పుడు చూడరా. ఇంకో మెట్టుందనుకుని కాలు వేస్తే నేల తగిలినట్టుంది” అన్నారు.

సర్వీసు సెంటర్లో కుర్రాడు మర్యాదగానే విన్నాడు. స్కానర్ తగిలించి, తెర మా వైపు తిప్పి చూపించాడు. ఎర్రర్ కోడ్ ఒక్కటీ లేదు. “బండి పర్ఫెక్ట్‌గా ఉంది అంకుల్. కొన్నాళ్లు నడిపితే అలవాటైపోతుంది.”

“ఎవరికి బాబూ? నాకా, బండికా?” అన్నారు నాన్న.

ఆయన సరదాకే అడిగారు గానీ, అసలు విషయం ఆ ప్రశ్నలోనే ఉంది.

మాది టార్క్ కన్వర్టర్ ఉన్న ఆరు గేర్ల ఆటోమేటిక్. ఇలాంటి వాటిలో గేరు మారడమంటే, చాలావరకు, ఒక క్లచ్ వదులుతుండగా ఇంకోటి పట్టుకోవడమే. మొదటిది ముందే వదిలేస్తే పట్టు తప్పి ఇంజన్ ఒక్కసారి గీపెడుతుంది. ఆలస్యంగా వదిలితే రెండూ పెనుగులాడి బండి కుదుపుతుంది. ఈ క్లచ్‌లను నొక్కేది ఆయిల్ ఒత్తిడి. ఎంత ఒత్తిడి, ఎంతసేపు అన్నది గేర్‌బాక్స్ కంప్యూటర్ లెక్క. వాడేకొద్దీ క్లచ్ ప్లేట్లు అరుగుతాయి, మధ్యలో సందు పెరుగుతుంది. అది నిండడానికి ఇంకాస్త ఆయిల్, ఇంకాస్త సమయం కావాలి. కంప్యూటర్ గేరు మారిన తీరు గమనిస్తూ తన లెక్కని కొద్దికొద్దిగా సవరించుకుంటుంది, ఆ సవరణల్ని దాచుకుంటుంది. అరుగుదల ఉన్నా మనకి తెలియకపోవడానికి కారణం ఇదే.

మా బిల్లులో గేర్‌బాక్స్ ఆయిల్ మార్పు కింద ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేట్’ అని ఇంకో లైన్ ఉంది. ఇలాంటి పనుల తర్వాత కొన్ని కార్లలో పాత సవరణలన్నీ చెరిపేస్తారు. అప్పుడు కంప్యూటర్ ఫ్యాక్టరీ లెక్కలకి వెళ్లిపోతుంది. అంటే నాలుగేళ్లు అరిగిన గేర్‌బాక్స్‌ని కొత్తదనుకుని నడుపుతుంది. మా వృత్తిలో క్యాష్ క్లియర్ చేసిన రోజు ఇలాగే ఉంటుంది: ఏదీ చెడిపోదు, కానీ అన్నీ కాసేపు తడబడతాయి.

మళ్లీ నేర్చుకుంటుందిలే అని ప్రతి కుదుపునీ వదిలేయడానికీ లేదు. ఆయిల్ తక్కువైనా, వేరే రకం పోసినా లక్షణాలు ఇలాగే ఉండొచ్చు, అప్పుడు నడిపేకొద్దీ నష్టమే. అందుకే ఆయిల్ మట్టాన్ని కంపెనీ చెప్పిన వేడి దగ్గర, బండిని సమతలం మీద పెట్టి చూడాలి. ఎర్రర్ కోడ్ వీటన్నిటినీ పట్టుకోదు. కొలత ముందే గీసిన హద్దు దాటితేనే కోడ్ వస్తుంది. హద్దు లోపల ఎంత మారినా స్కానర్ నోరెత్తదు. ‘కోడ్ లేదు’ అన్నది ఒక మాట, ‘ఏమీ మారలేదు’ అన్నది ఇంకో మాట. మొదటిది చూపించి రెండోది ఒప్పించేస్తుంటారు. ఎదుట ఉన్నది డెబ్భై ఏళ్ల మనిషైతే ఆ పని ఇంకా సులువు, నెపం ఆయన వయసు మీదికి వెళ్లిపోతుంది.

ఇదంతా చెబితే నాన్నకి ఏమీ కొత్తగా అనిపించలేదు. పాత లేలాండ్ బస్సుల్లో డబుల్ క్లచ్ కొట్టి గేర్లు వేసిన మనిషి. డ్యూటీలో ఏ బస్సు చేతికొస్తుందో తెలియదు, డిపో గేటు దాటేలోపే దాని క్లచ్ ఎక్కడ పడుతుందో కాలికి తెలిసిపోవాలి. “అంటే నేను చేసిన పనే అదీ చేస్తోందన్నమాట. మరి నాలుగేళ్ల డ్రైవర్ని దింపేసి కొత్తవాణ్ణి ఎక్కించినప్పుడు ఒక మాట చెప్పొద్దూ?”

రెండోసారి వెళ్లినప్పుడు జాబ్ కార్డు మీద ‘జెర్క్’ అని రాసుకోబోయారు. నాన్న ఆపి, పూర్తిగా రాయించారు: పొద్దున చల్లగా ఉన్నప్పుడు, కాలు తేలిగ్గా వేస్తే, రెండు నుంచి మూడుకి మాత్రమే. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు లేదు. తీరిక దొరికినప్పుడు కథల గురించి రాస్తుంటాను కాబట్టి ఆ వాక్యాల విలువ నాకు తెలుసు. ‘ఏదో తేడాగా ఉంది’ అనడం ఎవరికైనా వచ్చు. ఆ తేడా ఎక్కడ మొదలవుతోంది, ఎక్కడ లేదు అని చెప్పడమే విమర్శ.

ఆ నాలుగు ముక్కలు చదివి, అనుభవమున్న టెక్నీషియన్ ఒకాయన బండి రాత్రంతా అక్కడే ఉంచమన్నాడు. పొద్దున్నే నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని నడిపాడు. రెండు సిగ్నళ్లు దాటకముందే తలాడించాడట. ఆయిల్ మట్టం సరిగ్గానే ఉంది, మాడు వాసన లేదు. అప్‌డేట్‌తో పాత సవరణలు పోయిన మాట నిజమేనని ఆయనే చెప్పాడు. మళ్లీ నేర్పించే పద్ధతి ఒకటి ఉంటే అది చేసి పంపాడు.

రెండు వారాలు నడిచాక మూడో గేరు మెత్తగా పడుతోంది. “నాలుగు నుంచి మూడుకి దిగేటప్పుడు ఇంకా ఓ పిసరు ఉంది” అంటున్నారు నాన్న. నేను నడిపితే నాకు తెలియడం లేదు. స్కానర్‌కీ తెలియదు. వచ్చే సర్వీసులో జాబ్ కార్డు మీద అది కూడా రాయించాలి.