ఒక గొంతు... రెండు పక్కలా!

మెట్రోలో నారాయణగూడ తరువాత చిక్కడపల్లి, ఆ తరువాత ఆర్టీసీ క్రాస్‌రోడ్స్. 2020లో రైలు వచ్చాక ఈ దూరం మరీ చిన్నదైపోయింది. కానీ ఈ దారి నడిచి చూడాలి. నడిచి వినాలి అంటే ఇంకా సబబు!

చిక్కడపల్లి అనగానే గుర్తొచ్చేది త్యాగరాయ గానసభ. సన్మానాలు, పుస్తకావిష్కరణలు, పాత సినిమా పాటల విభావరులు... సాయంత్రమైతే ఏదో ఒక సందడి. ఇలాంటి వేదికల మీద శాస్త్రీయ కచేరీ జరిగేటప్పుడు గమనించండి. కొందరు విద్వాంసుల వెనక తంబూరా పట్టుకుని ఓ శిష్యుడో శిష్యురాలో గొంతు కలుపుతుంటారు. గాత్ర సహకారం అంటారు దీన్ని. రెండు గొంతులు ఒకే స్వరం పట్టుకున్నా శ్రుతిలో వెంట్రుకవాసి, కాలంలో రెప్పపాటు తేడా ఉండనే ఉంటుంది. పాటకు నిండుదనం ఆ తేడావల్లే.

రికార్డింగ్ స్టూడియోల్లో 'డబ్లింగ్' అంటే ఇదే. కాకపోతే గాయకుడు ఒక్కడే... రెండుసార్లు పాడతాడు. ఒకటి ఎడమ స్పీకరుకు, ఒకటి కుడి స్పీకరుకు. గొంతు గదంతా పరుచుకున్నట్టుంటుంది. పాడిందాన్నే కాపీ చేసి రెండు పక్కలా పెడితే మాత్రం లాభం లేదు, నడిమధ్యన కాస్త గట్టిగా వినిపిస్తుందంతే. రెండుసార్లు పాడలేక విసుగెత్తిన జాన్ లెనన్ బాధ చూసి, లండన్‌లోని ఎబీ రోడ్ స్టూడియో ఇంజనీరు కెన్ టౌన్‌సెండ్ 1966లో టేపు మిషన్లతోనే రెండో గొంతును పుట్టించే ఉపాయం కనిపెట్టారు. ఇప్పుడు కంప్యూటరులో చిటికెలో పని. ఒక కాపీని 20 మిల్లీ సెకన్లు ఆలస్యం చేస్తే సరి.

సరే, చిక్కు ఎక్కడంటే హాల్లో. శబ్దం 10 మీటర్లు నడవడానికే సుమారు 29 మిల్లీ సెకన్లు పడుతుంది. ఎడమ గోడ పక్కన కూర్చున్న పెద్దాయనకు ఎడమ స్పీకరే ముందు పలుకుతుంది. చెవి ముందొచ్చిన శబ్దాన్నే పట్టుకుంటుంది, కాబట్టి ఆ వెడల్పు ఆయనకు దక్కదు. రెండు పక్కలనూ కలిపి ఒకే లైనులో పంపే మైకు సెట్టయితే మరీ అన్యాయం... కొన్ని ధ్వనులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని గొంతు డొల్లగా, డబ్బాలోంచి వచ్చినట్టు తయారవుతుంది. ఆపైన ఆపరేటరు గారి ఎకో! విభావరికి వచ్చేవాళ్లలో చాలామంది సాహిత్యం కోసం వస్తారు. మాట చెవికి చేరకపోతే ఆ నిండుదనం ఎవరికోసం?

నాలుగడుగులు వేస్తే క్రాస్‌రోడ్స్. దేవి, సంధ్య, సుదర్శన్... స్టీరియో మోజును ఊరికి అంటించిన పేర్లు. 70 ఎం.ఎం. ప్రింటు మీద ఆరు సౌండు ట్రాకులుండేవి. హిందీలో 1975 నాటి 'షోలే', తెలుగులో 1986లో కృష్ణ 'సింహాసనం' ఆ కోవవే. గుర్రాల డెక్కలు ఈ గోడ నుంచి ఆ గోడకు పరుగెత్తినా, డైలాగు మాత్రం తెర వెనక మధ్య స్పీకరును వదిలేది కాదు. ఆ నాటి సౌండు ఇంజనీర్లకు తెలుసు, మాటకు వెడల్పు కన్నా స్పష్టత ముఖ్యమని.

ఇక అశోక్‌నగర్. కోచింగు సెంటర్లు, హాస్టళ్లు, సెంట్రల్ లైబ్రరీ బయట టీ గ్లాసులు. గ్రూప్స్‌కు చదివే కుర్రాళ్ల చెవుల్లో ఇయర్‌ఫోన్లు. డబ్లింగ్ అసలు మజా వీళ్లకే, ఎందుకంటే ఏ చెవి శబ్దం ఆ చెవికే. ఒక్కోసారి ఇద్దరు స్నేహితులు ఒకే జత పంచుకుంటారు, చెరో చెవికి ఒకటి. అప్పుడు ఒకడు వినేది మొదటిసారి పాడిన గొంతు, పక్కవాడు వినేది రెండోసారి పాడింది. పాట ఒక్కటే అనుకుంటూ ఇద్దరూ తల ఊపుతుంటారు.