పేరు అడగని పెట్టె

'మీ అన్న కంప్యూటర్ ఇంజనీరా?' అని అడిగేటోళ్ల గొంతులో ఆశ్చర్యం ఇన్నేండ్లయినా తగ్గలేదు. మెకానిక్ అంటే ఎవరూ ఆశ్చర్యపోరు. వెల్డింగ్ అంటే, పండ్ల బండి అంటే, దుబాయ్ అంటే అసలే ఆశ్చర్యపోరు. మేం ఎక్కడుండాలో మాకంటే ముందే ఎవరో రాసిపెట్టినట్టున్నరు. పేరు వింటనే మా పని చెప్పేస్తరు.

మా అబ్బా కాతిబ్. ఉర్దూ పత్రికలో వార్తలను చేత్తో రాసేవాడు. తెలుగు పాఠకులకు ఈ మాట విప్పి చెప్పాలె. తెలుగు పత్రికలకు సీసం అక్షరాలు ఎప్పుడో వచ్చినయి. ఉర్దూ రాసే నస్తాలీఖ్ లిపి సీసానికి లొంగలేదు. అందులో అక్షరం ఒక్కతీరుగ నిలబడదు. పక్కనున్న అక్షరాన్ని బట్టి రూపు మార్చుకుంటది. మాట కుడి నుంచి ఎడమకు, పైనుంచి కిందికి వాలుగా దిగుతది. అందుకే 1980ల దాకా మా దగ్గర ఉర్దూ దినపత్రిక అంటే చేతిరాత పత్రికే. కాతిబ్‌లు వరుసగా కూచొని, మోకాలి మీద అట్ట ఆనించుకొని రాత్రి రాస్తే, పొద్దున పేపరు. అబ్బా వేళ్లకంటిన రోష్నాయి మరక పండుగనాడు గూడ పోయేది కాదు. జీతం మాత్రం ఆ మరకంతసేపు గూడ నిలిచేది కాదు. అమ్మీ ఇంట్ల లక్క గాజులకు రాళ్లు అతికేది. మేం నలుగురం పిల్లలం ఆ రాళ్లను రంగుల వారీగా ఏరిపెట్టేవాళ్లం.

1990 డిసెంబర్‌లో హైదరాబాద్ తగలబడ్డప్పుడు భాయ్‌కి పద్నాలుగేండ్లు. కర్ఫ్యూ. ఇంట్ల పిండి అయిపోయింది. అబ్బా ప్రెస్సులోనే చిక్కుకపోయిండు. భాయ్ రాత్రిళ్లు తలుపు వెనక కూచునేవాడు. ఎవరన్నా వస్తే ఏం చెయ్యాలో వానికీ తెల్వదు. కర్ఫ్యూ ఎత్తేసినంక బడి తెరిచిన్రు గానీ, క్లాసులో భాయ్ బెంచీ మీద వాడొక్కడే మిగిలిండు. ఇంటికొస్తే అబ్బా కోపం. అప్పు, అలసట, భయం మూడూ కలిసి ఆయన చేతికొచ్చేవి. అంత అందంగ రాసే చెయ్యే భాయ్ చెంప మీద పడేది.

ఇది రాయడానికి మాకు ఇన్నేండ్లు పట్టింది. ఇంటి లోపలి సంగతి చెబితే బయటోళ్లు 'వీళ్లింతే' అంటరేమోనన్న భయం, మా దెబ్బల గురించి గూడ మమ్మల్ని మాట్లాడనియ్యదు. మైనారిటీ అంటే ఇది గూడ. సొంత గాయాన్ని సొంత గొంతుతో చెప్పుకోలేకపోవడం.

టెన్త్ అయినంక భాయ్‌ని ఒక డి.టి.పి. సెంటర్‌లో పెట్టిన్రు. ఊడ్వాలె, చాయ్ తేవాలె. కంప్యూటర్ గదికి ఏసీ. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలె. 'మసీదుకు పోయినట్టే ఉంటది' అనేవాడు. ఆపరేటర్ అన్నానికి పోయిన గంటలో చూసీ చూసీ బేసిక్‌లో రెండు వరుసలు రాయడం నేర్చుకున్నడు. మొదటి వరుస, పేరు చూపించమని. రెండోది, మళ్లా మొదటి వరుసకు పొమ్మని. మీట నొక్కితే నల్లటి తెర నిండా తన పేరే. ఆపేదాకా ఆగని పేరు. బడిలో హాజరు తీసే సారు ఒక్కనాడు గూడ సక్కగ పలకని పేరు.

ఆ రాత్రి అమ్మీతోటి చెప్పిన మాట మాకింకా గుర్తుంది. 'ఏ బస్తీ అని అడగలేదమ్మీ. రాయమంటే రాసింది.' ఇంకో మాట గూడ చెప్పిండు. తప్పు చేస్తే ఆ పెట్టె కొట్టదు, ఏ వరుసలో తప్పుందో చెప్తది, మళ్లా రాయమంటది. దెబ్బలు తిని పెరిగిన పిల్లగానికి అంతకంటే దయగల ఉస్తాద్ ఎక్కడ దొరుకుతడు?

కానీ ఆ పెట్టె మా ఇంటికి ఇచ్చుడే కాదు, తీసుకునుడు గూడ చేసింది. పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ వేల అక్షర కూర్పులను చేత్తో రాస్తే, అవే కంప్యూటర్‌కెక్కి నూరీ నస్తాలీఖ్ అయినయి. 1981లో లాహోర్‌లో జంగ్ పత్రిక దాంతోటి అచ్చయింది. 1994లో ఢిల్లీ నుంచి ఇన్‌పేజ్ వచ్చింది. ఇగ మామూలు కంప్యూటర్ మీదనే ఉర్దూ పేజీ తయారు. పత్రికల్లో కాతిబ్‌ల వరుస పలచబడ్డది. అబ్బా పనిచేసే కాడ ముందు వార్తలు పోయినయి, హెడ్డింగులు మిగిలినయి. తర్వాత హెడ్డింగులూ పోయినయి. ఇంకో పత్రికవాళ్లు ఉర్దూ, కంప్యూటర్ రెండూ తెలిసిన పిల్లల కోసం వెతికితే దొరికినోళ్లలో మా భాయ్ ఒకడు. తండ్రి కలం పక్కన పెట్టిన ఏడాదే కొడుకు కీబోర్డు పట్టిండు.

'మేరే హాథ్ కాట్‌కో తేరేకూ నౌక్రీ దియే' అన్నడు అబ్బా. నా చేతులు నరికి నీకు నౌకరీ ఇచ్చిన్రని. భాయ్ జవాబియ్యలేదు. జీతం తెచ్చి అమ్మీ చేతిలో పెట్టిండు. ఇద్దరి మధ్య నెలల తరబడి మాటల్లేవు.

ఒకనాడు భాయ్ ప్రింటు తీసిన పేజీ చాప మీద ఉండిపోయింది. మరిచిపోయిండో, కావాలనే వదిలిండో. అబ్బా దాన్ని శానాసేపు చూసిండు. కలం తీసి, మాటకూ మాటకూ నడుమ ఎడం కుదరని మూడు చోట్ల గీతలు గీసిండు. భాయ్ వాటిని సరిచేసుకున్నడు. తెల్లారి చాప మీద ఇంకో పేజీ. మాఫీ అడిగింది లేదు, ఇచ్చింది లేదు. పేజీ మాత్రం రోజూ ఉండేది.

రాత్రి చదువులు చదివి భాయ్ ప్రోగ్రామరయిండు. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు పాతబస్తీ నుంచి దాన్ని వేరే దేశంలెక్క చూసిన మేం, కొన్నేండ్లకు ఆ దారిలోనే వానికి టిఫిన్ డబ్బా కట్టి పంపినం. ఇంటర్వ్యూలో ఒకాయన అడిగిండట, 'మీవాళ్లు ఎక్కువ చదవరు గద, మీరెట్ల వచ్చిన్రు?' అని. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. పేలుడులో 9 మంది, తర్వాత పోలీసు కాల్పుల్లో 5గురు చచ్చిపోయిన్రు. మా పిల్లలనే పట్టుకపోయిన్రు. కేసులు పెట్టినోళ్లను తర్వాత కోర్టు నిర్దోషులని విడిచింది. ఆ రోజుల్లో భాయ్‌కి ఇల్లు కిరాయికి ఇస్తనన్న ఒకాయన, పేరు విన్నంక ఇయ్యనన్నడు. 'రోజంతా కంప్యూటర్ ముందు కూచుంటవట గద?' అన్నడు. మునుపు చదువు రాదని చిన్నచూపు. ఇప్పుడు చదువొచ్చిందని అనుమానం. మేం ఎంత చదివితే సరిపోతదో ఎవరన్నా చెప్తరా?

మాకు 'తెలుగు మంచిగొస్తదే!' అని ఇప్పటికీ మెచ్చుకుంటరు. భాయ్ దానికి నవ్వి ఒక లెక్క చెప్తడు. ప్రపంచంలోని లిపులకు నెంబర్లిచ్చే యూనికోడ్ 1991లో మొదటిసారి వెలువడ్డప్పుడే అరబీ లిపి, తెలుగు లిపి రెండూ అందులో ఉన్నయి. ఉర్దూ అక్షరాలుండే అరబీ వరుస 1536 దగ్గర మొదలైతది. తెలుగు 3072 దగ్గర. సరిగ్గా రెట్టింపు. రెండూ ఒకే పట్టికలో ఉన్నయి. ఒకటి ఇంకోదాన్ని 'నువ్వెక్కడిదానివి' అని అడగదు.

పట్టికలో చోటు దొరికినంత అలకగ బస్తీలో ఇల్లు దొరకదని భాయ్‌కీ తెలుసు, మాకూ తెలుసు. అయినా చెప్పాల్సింది చెప్తున్నం. మావాళ్లకు: పిల్లల మీదికి లేచే చేతిని దించుకోండి, బయటి దెబ్బలు చాలు. మీకు: మా పేరు వినంగనే ఆగిపోకండి. ఇంకో వరుస చదవండి.